ఇంటి కింది చెమ్మ: ఒక వేసవి పని డైరీ

మే 30

అత్తయ్యగారు బాపట్ల నుంచి వచ్చి పది రోజులైంది. ఈ ఉదయం కాఫీ తాగుతూ, "అమ్మాయ్, నా గదిలో ముక్కిన బియ్యం డబ్బా మూత తీసినప్పటి వాసన వస్తోంది. ఏసీ ఆగినప్పుడు తక్కువ, తిరిగినప్పుడు ఎక్కువ" అన్నారు. ఈ ఇంట్లో మేం మూడేళ్లుగా ఉంటున్నాం. మా ముక్కులు ఆ వాసనకు అలవాటు పడిపోయాయి. ఆవిడ చెప్పాక గది మధ్య నిలబడి, ఏసీ మొదలయ్యేదాకా ఆగాను. ఆవిడ మాట నిజమే. నేలలోని జాలీ నుంచి మొదటి గాలి వచ్చిన అర నిమిషం పాటు తడిసిన గోనెసంచి వాసన వచ్చింది.

ఆవిడ మాటలో నాకు పనికొచ్చే ముక్క "ఏసీ తిరిగినప్పుడు ఎక్కువ" అన్నది. వాసన గదిలో పుట్టడం లేదు. ఏసీ దాన్ని ఎక్కడి నుంచో మోసుకొస్తోంది.

మా ఇల్లు అమెరికాలోని నార్త్ కరోలినాలో, రాలీ పక్కనున్న కేరీలో ఉంది. 1994లో కట్టారు. ఇక్కడి పాత ఇళ్లలో చాలావాటికి మన ఇళ్లలా నేల మీద గచ్చు ఉండదు. చుట్టూ కాంక్రీటు దిమ్మెల గోడ, దాని మీద చెక్క దూలాలు, దూలాల మీద ప్లైవుడ్, ఆ పైన మనం నడిచే చెక్క నేల. నేలకూ మట్టికీ మధ్య మనిషి పాకుతూ వెళ్లేటంత ఖాళీ ఉంటుంది. దాన్నే క్రాల్ స్పేస్ అంటారు. మా ఇంట్లో గాలిని చల్లబరిచే యంత్రమూ, గదులకు గాలి తీసుకెళ్లే డక్టులూ అన్నీ ఆ చీకట్లోనే ఉన్నాయి. కొన్న రోజున ఇన్‌స్పెక్టరు తీసిన ఫోటోల్లో చూడటమే తప్ప నేనెప్పుడూ అందులోకి దిగలేదు.

జూన్ 1

దిగాను. ఒంటిని పూర్తిగా కప్పే తెల్ల కవరాల్, ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, మోకాళ్లకు దిండ్లు, తలకు లైటు. ఈ ప్రాంతంలో నేల కింద కాపర్‌హెడ్ పాములు, బ్లాక్ విడో సాలీళ్లు చేరతాయి కాబట్టి ముందు పొడవాటి కర్రతో దారి తట్టుకుంటూ వెళ్లాను. మా వారు తలుపు దగ్గర కూర్చుని ఐదు నిమిషాలకోసారి పలకరించాలని ఒప్పందం. ఒంటరిగా ఎవరూ దిగకూడదని ఇంట్లో ఆ రోజే నియమం పెట్టుకున్నాం.

తలుపు దగ్గర మూడడుగుల ఎత్తుంది. అవతలి గోడ దగ్గరికి వచ్చేసరికి రెండడుగులే. మట్టి మీద ఎప్పుడో పరిచిన పల్చటి ప్లాస్టిక్ పట్టా ముక్కలు ముక్కలై ఉంది. దూలాల మధ్య కుక్కిన గాజుపీచు దిండ్లు నీరు పీల్చి బరువెక్కి, సగం ఊడి వేలాడుతున్నాయి. ఒకదాన్ని పిండితే నీళ్లు కారాయి.

అత్తయ్యగారి గది కిందికి వచ్చాక లైటు పైకి తిప్పాను. దూలం పక్కల మీద తెల్లటి పొడి, ఎవరో మైదా చల్లి ఊదినట్టు. అక్కడక్కడ బూడిద రంగు, ప్లైవుడ్ కీలుల వెంట నల్లటి చుక్కలు. తెలుగులో సాలెగూడునూ బూజే అంటాం, దీన్నీ బూజే అంటాం. మొదటిది చీపురు కట్టతో పోతుంది. ఇది చెక్కను తింటూ బతికే ప్రాణి. పక్కనే వెళ్తున్న డక్టును చూస్తే దాని పై తొడుగు చిరిగిన చోట నీటి చుక్కలు వరస కట్టి ఉన్నాయి. నేను చూస్తుండగానే ఒకటి జారి నా కళ్లద్దాల మీద పడింది.

తేమ మీటర్లు రెండు తీసుకెళ్లాను. గాలిది ఒకటి, చెక్కలోకి రెండు సూదులు గుచ్చి చూసేది ఒకటి. గాలిలో తేమ 92 శాతం. చెక్కలో తేమ తలుపు దగ్గర 18, మధ్యలో 21, అత్తయ్యగారి గది కింద 25. చెక్కలో తేమ 16 శాతం లోపు ఉంటే నిశ్చింత. 20 దాటితే బూజుకు పండగ. 28 దాకా వెళ్లి అక్కడే నిలిచిపోతే చెక్క కుళ్లడం మొదలవుతుంది. స్క్రూడ్రైవర్‌తో దూలాలను గట్టిగా పొడిచి చూశాను. ఎక్కడా మెత్తగా దిగలేదు. కుళ్లు ఇంకా రాలేదు. ఆ మాట పైకి వచ్చి చెప్పేటప్పుడు నా గొంతు వణికింది. ఈ నేల మీదే మా అబ్బాయి పాకడం నేర్చుకున్నాడు.

జూన్ 2

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? మొదటి అనుమానం ఏసీ మీదే. ఏసీ గాలిని చల్లబరిచేటప్పుడు అందులోని ఆవిరి కాయిల్ మీద నీరై కారుతుంది. ఆ నీటిని ముప్పావు అంగుళం పీవీసీ గొట్టం ఇంటి బయటికి తీసుకెళ్లాలి. మా గొట్టాన్ని చేత్తో తడుముతూ వెళ్తే యంత్రం నుంచి నాలుగడుగుల దూరంలో జాయింటు ఊడి ఉంది. కింద మట్టిలో చిన్న గుంట, గుంటలో నీరు, దాని అంచున పచ్చటి పాచి. రెండేళ్ల కిందట యంత్రం మార్చినవాళ్లు జాయింటుకు జిగురు పెట్టలేదు. గొట్టాన్ని గొట్టంలో దూర్చి వదిలేశారు.

ఊడిన చోట నిన్ననే బకెట్టు పెట్టి, ఈ రోజు అదే సమయం దాకా వచ్చిన నీటిని కొలిచాం. 29 లీటర్లు. ఒక్క రోజులో. ఎన్ని నెలలుగా ఇది మా పడకగది కింద మట్టిలో ఇంకుతోందో తలచుకుంటేనే ఒళ్లు జలదరించింది.

బాగుచేశాం. గొట్టం కోసి, శుభ్రం చేసి, జిగురు పెట్టి అతికించాం. మూడడుగులకొక చోట పట్టీతో దూలానికి కట్టి, బయటి వైపు వాలు ఉండేలా చూశాం. యంత్రం దగ్గర యూ ఆకారపు వంపు ఒకటి ఉంటుంది. అందులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉండాలి. అది లేకపోతే ఫ్యాను లోపలి నుంచి లాగే గాలి గొట్టం గుండా వెనక్కి వచ్చి, నీటిని బయటికి పోనివ్వదు. మా వంపు పాచితో సగం మూసుకుపోయి ఉంది. దాన్నీ మార్చాం. నీరు నిండి పొంగబోతే యంత్రం దానంతట అదే ఆగిపోయేలా తేలే స్విచ్చు ఒకటి పెట్టించాం.

ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. పని సగం అయిపోయిందనుకున్నాను.

జూన్ 9

వారం గడిచింది. గుంట ఎండింది, గొట్టం నుంచి చుక్క కారలేదు. కింద గాలిలో తేమ మాత్రం 90 శాతం. చెక్క 25 నుంచి 24కు దిగింది, అంతే.

మా వారు పెరిగింది బందరులో. "చెమ్మ గదికి గాలి ఆడనివ్వాలి, మా ఇంట్లో వర్షాకాలమంతా ఫ్యాను పెట్టేవాళ్లం" అన్నారు. అత్తయ్యగారిదీ అదే మాట. నాకూ సబబే అనిపించింది. గోడల చుట్టూ 16 జాలీ కిటికీలు ఉన్నాయి, అవి గాలి ఆడటం కోసమే పెట్టారు కదా. ఒక జాలీకి బాక్సు ఫ్యాను కట్టి, బయటి గాలిని లోపలికి కొట్టించాం.

జూన్ 11

రెండు రోజులు ఫ్యాను తిరిగాక కింద తేమ 90 నుంచి 96కు పెరిగింది. డక్టుల మీద చుక్కలు రెట్టింపయ్యాయి. ఫ్యాను ఆపేసి, కాగితం కలం తీసుకుని కూర్చున్నాను. అమెరికాలో అంకెలు ఫారెన్‌హీట్‌లో చెబుతారు, నేను సెల్సియస్‌లోకి మార్చి రాసుకున్నాను.

మధ్యాహ్నం బయట 31 డిగ్రీలు, గాలిలో తేమ 55 శాతం. వింటే తక్కువే అనిపిస్తుంది. కానీ శాతం అనేది ఆ వేడిలో గాలి పట్టగలిగినంతలో ఎంతుందో చెబుతుంది. వేడి గాలి ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది, చల్లబడితే పట్టుకోలేదు. ఈ గాలి డ్యూ పాయింట్ 21 డిగ్రీలు. అంటే 21 డిగ్రీలకు చల్లబడితే చాలు, అందులోని ఆవిరి నీరుగా దిగడం మొదలవుతుంది. ఇప్పుడు ఈ గాలి జాలీ గుండా మా ఇంటి కిందికి వస్తుంది. అక్కడ మట్టి చల్లన, పైన ఏసీ గదుల నేల చల్లన, డక్టులు మరీ చల్లన. కింద 22న్నర డిగ్రీలు ఉంది. అదే గాలి, అదే నీరు, కానీ ఆ చల్లదనంలో తేమ 91 శాతం అవుతుంది. 13 డిగ్రీల గాలి మోసే డక్టుకు తగిలితే ఇంకేముంది? ఒక్కో ఘనపు మీటరు గాలిలో దాదాపు 18 గ్రాముల నీరుంటే, 13 డిగ్రీల దగ్గర ఆ గాలి 11 గ్రాములకు మించి మోయలేదు. మిగతాది చుక్కలుగా వదిలేస్తుంది.

ఇంట్లో చెప్పడానికి గ్లాసు మజ్జిగ ఫ్రిజ్ నుంచి తీసి బల్ల మీద పెట్టాను. రెండు నిమిషాల్లో గ్లాసు బయట చెమట పట్టింది. "మజ్జిగ గ్లాసులోంచి కారలేదు కదా అత్తయ్యా, ఈ నీళ్లు ఎక్కడివి?" అని అడిగాను. "గదిలో గాలివే" అన్నారావిడ వెంటనే. ఆ తరవాత గ్లాసును ఒకసారి, నేలను ఒకసారి చూసి, "అయితే కింద ఫ్యాను పెట్టడమంటే గ్లాసు మీద నీళ్లు చల్లడమేనమ్మా" అన్నారు. నేను అరగంట లెక్క వేసి తేల్చింది ఆవిడ ఒక్క వాక్యంలో చెప్పారు.

బందరులో ఫ్యాను ఎందుకు పనిచేసింది? ఆ ఇంట్లో ఏసీ లేదు. గది గోడలు బయటి గాలి అంత వెచ్చగానే ఉండేవి, కాబట్టి గాలి ఆడితే తడి ఆరేది. చలికాలంలో అయితే ఇక్కడి జాలీలు కూడా మేలే చేస్తాయి, అప్పుడు బయటి గాలిలో నీరు తక్కువ. కానీ వేసవిలో ఏసీతో చల్లబరిచిన ఇంటి కిందికి కరోలినా గాలిని పంపడమంటే గాలితో పాటు నీటినీ పంపడమే. ఊడిన గొట్టం నుంచి కారింది కంటికి కనబడింది. జాలీల నుంచి వస్తున్నది కనబడలేదు. అదే తేడా.

ఇంకొకటి కూడా అర్థమైంది. రాత్రిళ్లు పడకగదుల్లో 20 డిగ్రీలకు పెట్టుకోవడం మాకు అలవాటు. నేల పలక ఎంత చల్లబడితే కింద అంత నీరు పడుతుంది. ఈ రాత్రి నుంచి 24.

జూన్ 15

ఈ నాలుగు రోజులూ చదువుతూనే ఉన్నాను. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. రాలీలోనే ఉన్న అడ్వాన్స్‌డ్ ఎనర్జీ అనే సంస్థ ప్రిన్స్‌విల్‌లో 12 ఇళ్ల మీద ఏళ్ల తరబడి కొలతలు తీసింది. 1999లో ఫ్లాయిడ్ తుఫానుకు మునిగిపోయిన ఊరది. కొన్ని ఇళ్లకు కింద జాలీలు తెరిచే ఉంచారు, కొన్నిటికి పూర్తిగా మూసి, నేలంతా ప్లాస్టిక్ పరిచి, లోపలి గాలిని పొడిగా ఉంచారు. మూసినవి వేసవి పొడుగునా పొడిగా ఉన్నాయి, పైగా చల్లదనానికీ వెచ్చదనానికీ అయ్యే కరెంటు ఏడాదికి 15 శాతమో అంతకు పైనో తగ్గింది. మా ఊరికి గంటన్నర దూరంలో, మా వాతావరణంలోనే తీసిన కొలతలు. ఇంకేం కావాలి నాకు?

నిర్ణయం: జాలీలు మూస్తాం. దానికి ముందు చూసుకోవలసినవి ఉన్నాయి, వాటిని దాటేసి ఎవరూ ఈ పని మొదలుపెట్టకూడదు. ఒకటి గ్యాసు. కింద ఉన్న గ్యాసు హీటరు ఆ గాలినే తీసుకుని మండుతుంటే, జాలీలు మూయడం ప్రాణాపాయం. విషవాయువు ఇంట్లోకి వస్తుంది. మాది మొత్తం కరెంటుతో నడిచే హీట్ పంపు (చల్లదనమూ వెచ్చదనమూ ఒకే యంత్రం ఇస్తుంది), నీళ్ల హీటరు కూడా కరెంటుదే, అందుకని ఆ భయం లేదు. రెండోది చెదలు. ఇక్కడ చెదలు మట్టి నుంచి గోడ మీదుగా దూలాల్లోకి సొరంగాలు కట్టుకుంటూ వస్తాయి. ప్లాస్టిక్ గోడ చివరిదాకా కప్పేస్తే ఆ సొరంగం ఎవరికీ కనబడదు. అందుకే గోడ పైన మూడంగుళాల పట్టీని ఖాళీగా వదలాలని ఈ రాష్ట్ర నియమం. మూడోది పర్మిట్. అది ఇచ్చే అధికారులను అడిగాకే పని మొదలుపెట్టాం.

రెండు కంపెనీలను పిలిచి ధర అడిగితే ఒకరు 11,000 డాలర్లు, ఇంకొకరు 14,000 చెప్పారు. బూజు తుడిచే పని, కరెంటు పని తప్ప మిగతాదంతా మేమే చేద్దామనుకున్నాం.

జూన్ 22

రెండు రోజులు డక్టుల పని. ముందు గాలి ఎక్కడెక్కడ కారుతోందో కనిపెట్టాలి. దానికి పొగ వదిలే చిన్న గొట్టాలు అమ్ముతారు. మా దగ్గర అత్తయ్యగారు తెచ్చిన అగరుబత్తీల కట్ట ఉంది. ఏసీ ఆన్ చేసి, ఒక బత్తీ వెలిగించి, ప్రతి అతుకు దగ్గరా పట్టుకుంటూ వెళ్లాను. గదులకు గాలి తీసుకెళ్లే డక్టుల దగ్గర చాలాచోట్ల పొగ చెల్లాచెదురైంది. అక్కడ చల్లటి గాలి బయటికి పోయి చెక్కను చల్లబరుస్తోంది. డబ్బు పోతోంది, చెక్క తడుస్తోంది.

తరవాత గదుల నుంచి గాలిని యంత్రానికి వెనక్కి తెచ్చే పెద్ద రేకు పెట్టె దగ్గరికి వచ్చాను. దాని మూల అతుకు దగ్గర బత్తీ పెట్టగానే పొగ వంకర తిరగలేదు, చెదరలేదు. దారం లాగినట్టు తిన్నగా ఆ సందులోకి వెళ్లిపోయింది. నేను ఊపిరి బిగబట్టి చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఆ సందు నా చూపుడు వేలు పట్టేటంత ఉంది. దాని చుట్టూ మూడడుగుల లోపు దూలాలన్నీ తెల్లటి బూజు. ఏసీ తిరిగిన ప్రతిసారీ ఆ గాలిని పీల్చి మా గదుల్లోకి పంచుతోంది. అత్తయ్యగారికి వాసన ఎందుకు వచ్చిందో, ఏసీ తిరిగినప్పుడు ఎందుకు ఎక్కువయ్యేదో ఆ పొగ చూపించింది.

అతుకులు మూయడానికి మాస్టిక్ అనే బూడిద రంగు ముద్ద వాడాం. గట్టి పెరుగులా ఉంటుంది, బ్రష్షుతో పూయాలి. పెద్ద సందుల మీద ముందు గాజు వల పట్టీ అంటించి, దాని మీద పూయాలి. రూపాయి నాణెం మందాన ఉండాలి, పల్చగా పూస్తే ఎండి పగులుతుంది. గుడ్డతో చేసిన మామూలు డక్టు టేపు ఈ పనికి పనికిరాదు. ముందు ఎవరో వేసిన ఆ టేపు జిగురు ఎండిపోయి, చేత్తో లాగకుండానే ఊడి వచ్చింది. మూడు గ్యాలన్ల మాస్టిక్ పట్టింది. చిరిగిన తొడుగులున్న రెండు డక్టులను పూర్తిగా మార్చాం. ఆ పెద్ద రేకు పెట్టెకు నాలుగు వైపులా రెండుసార్లు పూశాను.

రాత్రి అత్తయ్యగారి గదిలో వాసన దాదాపు లేదు. తేమ ఇంకా 90 దగ్గరే.

జూన్ 29

బయటి పని ఒక్క రోజులో అయింది. పైకప్పు నుంచి వానగొట్టాలు రెండు గోడ మొదట్లోనే నీళ్లు కుమ్మరిస్తున్నాయి. వాటికి పదేసి అడుగుల గొట్టాలు తగిలించాం. ఇక్కడిది బంకమన్ను, ఎర్రగా జిగురుగా ఉంటుంది, నీళ్లను వదలదు. గోడ చుట్టూ మట్టి పోసి, పది అడుగుల్లో ఆరంగుళాలు దిగేలా వాలు చేశాం.

జూలై 6

తడిసిన గాజుపీచు తీసేశాం. ముట్టుకుంటే ముక్కలై పడుతుంది, ఒళ్లంతా దురద. నల్ల సంచుల్లో నింపి బయటికి లాగితే 34 సంచులైంది. అబ్బాయినీ అత్తయ్యగారినీ ఆ రెండు రోజులూ స్నేహితుల ఇంట్లో ఉంచాం. ఏసీ ఆపేశాం.

బూజు తుడవడం మాత్రం ఆ పని తెలిసినవాళ్లకు అప్పగించాం. పది చదరపు అడుగుల లోపు బూజైతే ఇంటివాళ్లే చేసుకోవచ్చని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. మాది దానికి ఎన్నో రెట్లు. వాళ్లు సన్నటి ధూళిని కూడా పట్టే వాక్యూమ్‌తో ముందు పీల్చి, తరవాత బ్రష్షుతో రుద్ది, మళ్లీ పీల్చి, చివర్లో బోరేట్ ఉప్పు కలిపిన నీళ్లు పల్చగా కొట్టారు. బ్లీచ్ ఎందుకు వాడరని అడిగాను. చెక్క మీద బ్లీచ్ పైపైన రంగు తీసేస్తుంది, దానిలోని నీళ్లు మాత్రం చెక్కలోకి దిగుతాయి అన్నారు. చెక్క ఎండకపోతే ఏం కొట్టినా రెండు నెలల్లో మళ్లీ వస్తుందని వాళ్లే చెప్పారు. పని చేసిన మనిషి నిజాయితీగా ఆ మాట చెప్పడం నాకు చాలా నచ్చింది.

జూలై 14

పట్టా పరిచే పని. ఈ వేసవిలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే, అన్నిటికన్నా తృప్తినిచ్చింది కూడా ఇదే.

ముందు మట్టి మీది రాళ్లు, చెక్కముక్కలు, పాత మేకులు ఏరేశాం. కట్టినప్పుడు వదిలేసిన చెక్కముక్కలు చెదలకు పిలిచి పెట్టిన భోజనం. మూడు బకెట్లు వచ్చాయి. తరవాత 12 మిల్లుల మందం తెల్ల పాలిథీన్ పట్టా. మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు. నియమం ప్రకారం ఆరు మిల్లులు చాలు, కానీ దాని మీద నెలనెలా మోకాళ్లతో పాకాలి, అది చిరిగితే ఇంత శ్రమా వృథా.

పట్టా చుట్టను రెండడుగుల ఎత్తులో దొర్లించడం కుదరదు. అందుకని పైన గ్యారేజీలో కొలిచి కోసి, చీర మడత పెట్టినట్టు మడతలు పెట్టి, లోపలికి తీసుకెళ్లి విప్పాం. మా వారు ఒక కొస, నేను ఒక కొస. ఒక పట్టా మీద ఇంకొకటి అడుగు వెడల్పున ఎక్కేలా పరిచి, అతుకును టేపుతో అంటించాలి. టేపు అంటాలంటే ప్లాస్టిక్ మీద ధూళి ఉండకూడదు. ప్రతి అతుకునూ ముందు పొడి గుడ్డతో తుడిచి, తరవాత అంటించి, అరచేత్తో గట్టిగా రుద్దాను. మధ్యలో ఇంటిని మోసే దిమ్మెల స్తంభాలు తొమ్మిది. ఒక్కో స్తంభం చుట్టూ పట్టాను కోసి, పైకి మడిచి, లంగాకు కుచ్చెళ్లు పోసినట్టు చుట్టి, పైన పట్టీతో బిగించాం. తొమ్మిదో స్తంభానికి వచ్చేసరికి చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి.

గోడ మీదికి పట్టాను లేపి, మాస్టిక్‌తో అంటించి, పైన మేకులతో పట్టీ కొట్టాం. చెదల కోసం మూడంగుళాలు వదిలాం. ఆ గీతను ముందే సున్నపు దారంతో కొట్టుకోవడం వల్ల ఎక్కడా వంకర పోలేదు.

జూలై 16

జాలీలు మూశాం. లోపలి వైపు రెండంగుళాల ఫోమ్ పలక కోసి పెట్టి, అంచుల వెంట నురుగు జిగురు కొట్టాం. ఒక్కో జాలీ మూసినప్పుడల్లా లోపల చీకటి ఒక మెట్టు పెరిగింది. పదహారోది మూశాక పూర్తి చీకటి, పూర్తి నిశ్శబ్దం. రోడ్డు మీద కార్ల చప్పుడు కూడా ఆగిపోయింది.

జూలై 18

ఎలక్ట్రీషియన్ వచ్చి, తడి తగిలితే కరెంటు ఆపేసే రకం సాకెట్టు పెట్టాడు. దానికి డీహ్యూమిడిఫయర్ తగిలించాం. మూసేశాక లోపల మిగిలిన తేమను ఎవరో ఒకరు తీయాలి. తీసేవాళ్లు లేకుండా మూయడం అంటే తడిబట్టను డబ్బాలో పెట్టి మూత వేయడమే. రోజుకు 33 లీటర్ల దాకా తీయగలిగే యంత్రం, ధర 1,150 డాలర్లు. దాని నీళ్ల గొట్టం కూడా బయటికే, అన్ని జాయింట్లకూ నా చేతులతోనే జిగురు పెట్టాను.

ఒక్కసారిగా 50కి పెట్టలేదు. చెక్క నేల గబగబా ఎండితే పలకల మధ్య సందులు తేలుతాయి. ముందు 65, రెండు వారాలకు 60, తరవాత 55.

పైన హాల్లో చిన్న తెర ఒకటి పెట్టాం, కింది తేమను తీగ లేకుండా చూపిస్తుంది. ఉదయం 89 ఉంది. రాత్రి భోజనాలయ్యేసరికి 71. పడుకునే ముందు 66.

ఆగస్టు 10

తెర చూసే బాధ్యత అత్తయ్యగారు తీసుకున్నారు. రోజూ స్నానం చేసి దీపం పెట్టాక తెర దగ్గరికి వెళ్లి, ఆ అంకెను గోడ మీది తెలుగు క్యాలెండరులో ఆ రోజు గడిలో, తిథి పక్కన పెన్సిలుతో రాస్తున్నారు. శుక్రవారం నవమి 61. శనివారం దశమి 60. ఆవిడ రాసిన ఆ అంకెల వరస నా దగ్గరున్న అన్ని యాప్‌ల కన్నా నాకు పనికొచ్చింది. జూలై 30 గడిలో 74 ఉంది, పక్కన చుక్క పెట్టారు. ఏమిటా అని చూస్తే ఆ రోజు మా వారు కింద తలుపు సరిగ్గా మూయలేదు. ఒక రాత్రి తలుపు ఓరగా ఉంటేనే ఇంత వచ్చింది! తలుపు చుట్టూ రబ్బరు పట్టీ అంటించి, లోపలికి నొక్కి బిగించే గొళ్లెం పెట్టాం.

చెక్క మీటరు: తలుపు దగ్గర 14, మధ్యలో 15, అత్తయ్యగారి గది కింద 17.

సెప్టెంబరు 7

అత్తయ్యగారి గది కింద 15. హాల్లో నేల పలకలు వేసవి మొదట్లో అంచులు లేచి, చెప్పులు లేకుండా నడిస్తే గట్లు గట్లుగా తెలిసేవి. కింది వైపు నీరు పీల్చి ఉబ్బితే పలక అలా దోనెలా వంగుతుంది. ఇప్పుడు దాదాపు సమమయ్యాయి. నేలను గీకించి పాలిష్ పట్టించాలని జూన్‌లో ఒకరు సలహా ఇచ్చారు. అప్పుడే గీకించి ఉంటే, ఎండాక అంచులు పల్లమై మధ్య ఎత్తై మిగిలేది. ఆగడం మంచిదైంది.

మూసిన ఇంట్లో మట్టి నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వచ్చి పేరుకోవచ్చు కాబట్టి పరీక్ష డబ్బా పెట్టి పంపించాం. లీటరు గాలికి 1.8 పికోక్యూరీలు వచ్చింది. 4 గానీ అంతకు మించి గానీ ఉంటే చర్య తీసుకోవాలని ఈపీఏ చెబుతుంది. చలికాలంలో ఇంకోసారి పెడతాం.

ఖర్చు లెక్క వేశాను. ప్లాస్టిక్, టేపు, మాస్టిక్, డక్టులు, ఫోమ్, డీహ్యూమిడిఫయర్ కలిపి 3,100 డాలర్లు. బూజు తుడిచినవాళ్లకు 1,900, ఎలక్ట్రీషియన్‌కు 280.

అక్టోబరు 12

అత్తయ్యగారు గత వారం బాపట్ల వెళ్లారు. వెళ్లే ముందు రోజు క్యాలెండరును నా చేతికిచ్చి, "మానకు అమ్మాయ్, పెన్సిలు మేకుకు కట్టాను" అన్నారు.

ఈ రోజు కిందికి దిగాను. నెలకోసారి చేయవలసినవి: ఏసీ నీటి గొట్టంలో కప్పు వెనిగర్ పోయడం, డీహ్యూమిడిఫయర్ ఫిల్టరు దులపడం, మూడంగుళాల పట్టీ వెంట లైటు వేస్తూ ఇల్లంతా చుట్టి రావడం. చెదల సొరంగం ఎక్కడా లేదు. తెల్ల పట్టా మీద లైటు పడి లోపలంతా వెలుతురు. జూన్‌లో నా కళ్లద్దాల మీద చుక్క పడిన చోట వెల్లకిలా పడుకుని డక్టును చేత్తో తడిమాను. పొడిగా ఉంది. దూలం 14.

గోడలకు ఫోమ్ పలకలు వేయడం మిగిలింది, చలి ముదిరేలోపు చేయాలి. సాయంత్రం అత్తయ్యగారు ఫోను చేశారు. మనవడు ఎలా ఉన్నాడని అడగక ముందే, "కింద ఎంత ఉందమ్మా?" అన్నారు. 52, రాశానని చెప్పాను.